మీటరు గుంటలో దూది కోటు

నీళ్ళ ఆఫీసు వాళ్ళు మా గేటుకి ఒక కాగితం అంటించి వెళ్ళారు. పాత మీటరు తీసేసి కొత్తది పెడతారట. ఇక నెల నెలా మనిషి వచ్చి చదవక్కర్లేదట, అంకెలు వాటంతటవే ఆఫీసుకి వెళ్ళిపోతాయట. అంతవరకూ బాగానే ఉంది. అడుగున ఇంకో మాట ఉంది: 'మీటరు గుంటలోని పాత గుడ్డల చెత్తను వాడుకదారులే ముందుగా తొలగించవలెను.' కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. చెత్త అనే రాశారు. ఆ రాసినవాడెవడో మా చున్‌చోన్‌లో ఒక్క చలికాలమైనా కాపురం చేసి ఉండడు.

ఇప్పుడంటే ఎవరికీ పట్టదు గానీ, మా కొండవాడలో చలికాలానికి కిమ్చి పచ్చడి జాడీలు నింపిన మర్నాడు చేసే పని మీటరు గుంట నింపడమే. వాకిట్లో మోకాలి లోతు గుంట, దాని మీద ఇనప మూత, అడుగున మీటరు. మా వాకిట్లో మూడు కాపురాలకీ అదొక్కటే. చలికి గడ్డకట్టి దాని అద్దం పగిలిందా, మూడిళ్ళకీ నీళ్ళు బంద్. ఆఫీసుకి పరిగెత్తితే 'మీ అజాగ్రత్తే' అని ఒక ఫారం చేతిలో పెట్టి, మీకంటే ముందు రెండు వందల ఇళ్ళున్నాయి, ఆగండి అనేవాళ్ళు. అందాకా కొండ కింది నుంచి మంచు మీద జారుతూ బకెట్లు మొయ్యాలి. అందుకే ఇంట్లో పాతబడిందల్లా ఆ గుంటలోకి పోయేది. పొట్టయిపోయిన బడి కోట్లు, పసిపిల్లల బొంతలు, మిలిటరీ నుంచి వచ్చినవాడి చొక్కాలు, అన్నీ. మీటరు చదవడానికి వచ్చే ప్యో అక్క, "మూత ఎత్తితే చాలు, ఆ ఇంట్లో ఎవరు ఎదిగారో ఎవరు పోయారో నాకు తెలిసిపోతుంది" అనేది.

నేను కాపురానికొచ్చింది డెబ్బై తొమ్మిదిలో. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. మా అత్తమ్మ సోయా పాలతో టోఫు తయారు చేసి బజార్లో అమ్మేది. మనిషి పిడికెడు, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. ఆవిడది ఉత్తర కొరియాలో హుంగ్నమ్ రేవు. యుద్ధంలో పదిహేడేళ్ళ వయసులో ఓడెక్కి వచ్చింది. వచ్చి ఎన్నేళ్ళయినా ఆ యాస పోలేదు, ఆ యాసలో తిడితే మామూలు తిట్టు కూడా రెండు రెట్లు తగిలేది. బియ్యం కడిగిన నీళ్ళు పారబోస్తే తిట్టు, చీపురు నిలబెట్టే తీరు బాగోకపోతే తిట్టు, ఊరికే కూర్చుంటే అదొక తిట్టు. నేనూ ఏమంత నోరు లేనిదాన్ని కాను, పళ్ళెం కాస్త గట్టిగా పెట్టి జవాబు చెప్పేదాన్ని.

ఆ మొదటి చలికాలం, కిమ్చి పని అయిన మర్నాడు, టోఫు గంప నెత్తిన పెట్టుకుంటూ అంది: "బీరువా వెనకాల మూట ఉంది. అందులో గుడ్డలు గుంటలో కుక్కు. పొడిగా ఉన్నాయో లేదో చూడు. తడి గుడ్డ పెట్టావంటే మీటరుకి నువ్వే జ్వరం తెప్పించినట్టు."

బీరువా వెనకాల చెయ్యి పెట్టాను. చేతికి తగిలిన మూట లాగాను. బూడిద రంగు గుడ్డలో కట్టి ఉంది. విప్పితే ఒకే ఒక్క దూది కోటు. చేత్తో కుట్టింది, మోచేతుల దగ్గర అతుకులు, చెయ్యి అంచు లోపలి వైపు నీలం దారంతో సన్నటి కుట్టు. మీటరుకి ఇంతకంటే వెచ్చటిది ఇంకేం దొరుకుతుంది అనుకున్నాను. సుబ్బరంగా మీటరు చుట్టూ చుట్టి, చేతులు రెండూ మెడకి కట్టినట్టు ముడేసి, పైన రెండు గోనెసంచులు వేసి మూత పెట్టేశాను. బీరువా వెనకాల అలాంటిదే ఇంకో మూట ఉందని నాకేం తెలుసు?

ఆ ఏడు మా వాడలో పదకొండు మీటర్లు పగిలాయి, మాది పగల్లేదు. "చేతికి పని తెలుసు నీకు" అంది అత్తమ్మ. ఆవిడ నోటి నుంచి నేను విన్న మొదటి మెప్పు అది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మార్చిలో ప్యో అక్క వచ్చింది. మూత ఎత్తి, గుడ్డలు పక్కకి జరిపి, మొహం చిట్లించింది. "గ్యుచోల్ అమ్మా, కుళాయిలన్నీ కట్టెయ్. పక్కిళ్ళ వాళ్ళకీ చెప్పు" అంది. గ్యుచోల్ అప్పటికి నా కడుపులోనే ఉన్నాడు. మా మామగారు పుట్టబోయే మనవడికి ముందే పేరు పెట్టేసి పోయారు గనక వాడు పుట్టకముందే నేను వాడి అమ్మనయ్యాను. మూడిళ్ళ కుళాయిలూ కట్టించి వచ్చాను. అయినా మీటరులో చిన్న చక్రం తిరుగుతూనే ఉంది.

"గొట్టం కీలు దగ్గర కారుతోంది. ఎన్నాళ్ళ నుంచో" అంటూ ప్యో అక్క అడుగున ఉన్న కోటు పైకి లాగింది. నీళ్ళోడుతూ, నల్లగా బూజు పట్టి, వీపు భాగం ఆమె చేతిలోనే చిరిగి వచ్చింది. కోటు చెయ్యి అంచు తిప్పి చూసి ఆగిపోయింది.

"ఇది ఎవరు పెట్టారు?"

"నేనే అక్కా. అత్తమ్మ పెట్టమంది."

"ఆవిడా? ఇది పెట్టమందా? ఇది వాళ్ళమ్మ కుట్టిన కోటే పిచ్చిదానా. ఒకే గుడ్డలో ఇద్దరు కూతుళ్ళకీ కుట్టిందట, పెద్దదానికి నీలం దారం, చిన్నదానికి ఎర్ర దారం. ఓడ దగ్గర తోపులాటలో చెల్లెలి చెయ్యి జారిపోయిందని, ఈ కోటు ఒక్కటే మిగిలిందని నాకు ఎన్నిసార్లు చెప్పిందో."

చిరిగిన ముక్కని ఆమె చేతిలోంచి తీసుకున్నాను.

"ఈరోజే చెప్పెయ్. రేపటికి నోరు రాదు" అంది ప్యో అక్క. చెప్తానన్నాను. చెప్పలేదు. కీలు బాగుచేయించాను, కోటులో మిగిలింది ఆరబెట్టి మళ్ళీ గుంటలోనే దాచాను. ఖాళీ మూటలో మా ఆయన పాత డ్రైవరు ప్యాంట్లు మడత పెట్టి, ముడి అచ్చం పాతదానిలాగే వేశాను. అత్తమ్మ ఆ మూట ఎప్పుడూ విప్పదని అప్పటికి తెలుసుకున్నాను. విప్పితే వాళ్ళమ్మ వాసన పోతుందని ఆవిడ భయం.

ప్రతి పంటల పండక్కీ ఆవిడ ఆ మూటని బల్ల మీద పెట్టి, అన్నం గిన్నె ముందుంచి, ఉత్తరం వైపు తిరిగి మొక్కేది. వెనకాల నేనూ మొక్కేదాన్ని. కొడుకు పాత ప్యాంట్లకి తల్లి సాష్టాంగపడుతుంటే చూసిన కోడల్ని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. నవ్వొచ్చేది, ఆ వెంటనే గుండెల్లో రాయి పడేది. మూడు పండగలు అలా గడిపాను.

ఎనభై మూడు వేసవిలో టీవీలో ఆ కార్యక్రమం మొదలైంది. యుద్ధంలో విడిపోయినవాళ్ళు అట్టల మీద పేర్లు రాసుకుని సియోల్‌లో టీవీ వాళ్ళ వాకిట్లో నిలబడేవాళ్ళు. కెమెరా ముందు అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు గుర్తుపట్టి నేల మీద పడి ఏడ్చేవాళ్ళు. ఊరంతా పనులు మానుకుని అదే చూసింది. అత్తమ్మ టోఫు గంప మూలన పెట్టేసింది. ఐదో రోజున లేచి, "ఎల్లుండి నేను వెళ్తున్నా" అంది.

"పేరు రాసుకెళ్తే చాలు కదా అత్తమ్మా" అన్నాను, ఎక్కడో ఆశ.

"ఒక్‌సిల్ అనే పేరు గలవాళ్ళు అక్కడ వందమంది ఉంటారు. నా చెల్లెలికప్పుడు పదేళ్ళు, నా మొహం ఏం గుర్తుంటుంది? కోటు చూస్తే గుర్తుపడుతుంది. అక్కడే, కెమెరా ముందే విప్పుతా. ముందే విప్పను."

బయల్దేరే రోజు పొద్దున్నే ఆవిడ తలకి నూనె రాసి దువ్వుకుంది, తెల్ల బట్టలు కట్టుకుంది, మూట ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటోంది. మూడేళ్ళ గ్యుచోల్ ఆ మూటని తట్టి, "నాన్న" అన్నాడు. వాడేదో బస్సు చప్పుడు విని అన్నాడు పాపం. నాకు మాత్రం ఆ మూటలో ఉన్నవి వాడి నాన్న ప్యాంట్లేనని గుర్తొచ్చింది. వాకిట్లో ఆవిడ ముందు మోకాళ్ళ మీద పడ్డాను.

"అత్తమ్మా, మూటలో కోటు లేదు. నేను వచ్చిన ఏడే గుంటలో పెట్టేశాను. తెలియక పెట్టాను, తెలిశాక దాచాను."

నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆవిడ మూట ముడి విప్పింది, ప్యాంట్లు చూసింది, పక్కన పెట్టింది. ఒక కాలికి బూటు, ఒక కాలికి లేదు, అలాగే నడిచి వెళ్ళి గుంట మూత తనే ఎత్తింది. బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పెట్టి ఒక్కొక్క గుడ్డే తీసింది. దూది ముద్దలు ముద్దలుగా వచ్చింది. గుడ్డ పట్టుకుంటే పొడి అయిపోయింది. మొత్తానికి కోటు ఎడమ చెయ్యి ఒక్కటి మిగిలింది, మీటరు అద్దం పైన చుట్టి ఉంది గనక తడి తగల్లేదు. నీలం కుట్టు చెక్కుచెదరలేదు.

కుళాయి కింద దాన్ని ఉతికింది. పిండి ఎండలో ఆరేసింది. బస్సు వెళ్ళిపోయింది, తర్వాతి బస్సుకి వెళ్ళింది. నా వైపు చూడలేదు.

టీవీలో ఆవిడ ఒక్కసారే కనిపించింది, లెక్కపెడితే పది క్షణాలు. అట్ట మీద పేరు, పైకెత్తిన చేతిలో కోటు చెయ్యి. అంత జనంలో అదొక పాత గుడ్డ పీలికలాగే ఉంది. పూర్తి కోటు అయ్యుంటే, భుజాలతో, కాలరుతో, అతుకులతో ఉంటే, ఎక్కడో ఒక ఇంట్లో ఒక్‌సిల్ లేచి నిలబడేదేమో. లేచేది కాదేమో కూడా. అసలు ఆ పిల్ల ఓడ ఎక్కనేలేదేమో. నాకు తెలీదు, ఇక ఎప్పటికీ తెలీదు. ఆ తెలియకపోవడం నా చేతులారా నేను చేసుకున్నదే.

పన్నెండు రోజులు నిలబడి తిరిగొచ్చింది. మర్నాటి నుంచి టోఫు గంప ఎత్తింది. బియ్యం కడిగిన నీళ్ళకి తిట్టింది, చీపురుకి తిట్టింది. కోటు సంగతి మాత్రం ఎత్తలేదు. ఆ చలికాలం కిమ్చి పని అయిన మర్నాడు నేను గుంట దగ్గర కూర్చుని ఉంటే వచ్చి, జేబులోంచి ఆ కోటు చెయ్యి తీసి ఇచ్చింది.

"చుట్టు. మీటరుకి."

"వద్దత్తమ్మా. ఇదొక్కటైనా మీ పెట్టెలో ఉండనివ్వండి."

"ముప్ఫై ఏళ్ళు మూటలో దాచి మొక్కాను, ఏమొచ్చింది? ఇక్కడుంటే మూడిళ్ళవాళ్ళు నీళ్ళు తాగారు. మా అమ్మ దూది పెట్టింది అందుకే, పిల్లలకి చలెయ్యకుండా. చుట్టు, చలేస్తోంది నాకు."

చుట్టాను. ప్రతి నవంబరులో చుట్టాను, ప్రతి మార్చిలో తీసి ఎండబెట్టాను. ఆవిడ పోయే ముందు ఆస్పత్రి మంచం మీద కూడా అడిగింది, గుంట కప్పావా అని. కప్పానన్నాను. ఇంకేమైనా అంటుందని, ఇప్పుడైనా తిడుతుందని ఆమె నోటి వైపే చూస్తూ కూర్చున్నాను. లోకంలో ప్రతిదానికీ నన్ను తిట్టిన మనిషి, తిట్టాల్సిన ఆ ఒక్కదానికి మాత్రం తిట్టకుండా వెళ్ళిపోయింది. ఆ బాకీ ఇప్పటికీ నా గుండెల్లో అలాగే ఉంది.

నిన్న మీటరు మార్చడానికి ఆఫీసు మనిషి వచ్చాడు. నేను ముందే గోనెసంచులూ గ్యుచోల్ బడి కోట్లూ తీసేసి ఉంచాను. అతను పాతది విప్పి కొత్తది బిగించి, మీద తెల్లటి థర్మోకోల్ మూత పెట్టాడు. "ఇక గుడ్డలు పెట్టకండమ్మా, తడిస్తే వాటివల్లే గడ్డకడుతుంది" అన్నాడు. అలాగే నాయనా అన్నాను. అతను వెళ్ళాక ఆ మూత తీసి, ఆ కోటు చెయ్యి మీటరుకి చుట్టి, నీలం కుట్టు పైకి కనబడేలా సర్ది, మూత పెట్టేశాను.

సాయంత్రం ఆఫీసు నుంచి ఫోను. ఎవరో అమ్మాయి మర్యాదగా అడిగింది: "గుంటలో పాత గుడ్డలన్నీ తీసేశారా అండీ?"

"తీసేశానమ్మా" అన్నాను.

ఆ గుంట గురించి ఈ ఇంట్లో నేనాడిన రెండో అబద్ధం అది. ఫోను పెట్టేశాక ఎందుకో వంటింటి వైపు చూశాను. లోపల ఎవరూ లేరు. బియ్యం కడిగిన నీళ్ళు గిన్నెలోనే ఉన్నాయి, ఈరోజుకీ నేను పారబోయను.