హాలు పక్క ఆఫీసు

నేను ఒక టేకు తలుపుని. ఆ మాట ముందే చెప్పుకోకపోతే ఈ రోజుల్లో అందరూ ప్లైవుడ్డే అనుకుంటారు. అమలాపురంలో ఒక సినిమా హాలు టికెట్ల గదికి నన్ను చేయించారు. మేస్త్రి నాకు ముద్దుగా నునుపు పెట్టాడు. కొత్త సినిమా విడుదలైనప్పుడల్లా జనం అంతే ముద్దుగా తన్నారు. హాలు పడగొట్టాక పాత కలప అడితిలో ఎండకెండి, వానకి తడిసి, చివరికి ప్రసూన కంటబడ్డాను.

ప్రసూన ఒక ఆరోగ్య బీమా కంపెనీలో ఉద్యోగి. ఇంట్లోనే ఒక గదిలో కూర్చుని, ఆసుపత్రిలో తమవాళ్ళని చేర్పించినవాళ్ళకి ఫోన్లో సాయం చేస్తుంది. ఆ గదికి ఇంటి హాలు వైపు గుమ్మంలో కర్టెన్ తప్ప ఇంకేమీ ఉండేది కాదు. అందుకే నన్ను కొని బిగించింది. పాపం, తలుపుంటే చాలనుకుంది.

అత్తగారు మంగతాయారుకి తలుపు తట్టడమనే విద్య రాదు. "ఇంట్లోనే ఉన్నావుగా అమ్మాయ్" అంటూ తోసుకొచ్చేసేది. మొగుడు సూరిబాబు సాక్సు కోసం వచ్చేవాడు, ఎదురింటి కనకమ్మ పెరుగు తోడు కోసం వచ్చేది. గడియ వేస్తే, తీసేదాకా నన్ను బాదేవారు.

ఒకరోజు ప్రసూన గడియ వేయడం మరిచిపోయింది. ఎవరో పెద్దాయన, భార్యకి మర్నాడే ఆపరేషనట, బీమా అనుమతి ఇంకా రాలేదని ఫోన్లో బతిమాలుతున్నాడు. సరిగ్గా అప్పుడే మంగతాయారు కందగడ్డ చేత్తో పట్టుకుని వచ్చింది.

"ఇదిగో, ఇది దురద పెట్టే రకవేనంటావా?"

"నా భార్య ప్రాణం మీదికొస్తే మీకు దురదలా?" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

ప్రసూన మళ్ళీ ఫోన్ చేసి, క్షమాపణ చెప్పి, అనుమతి తెప్పించింది. అయినా ఫిర్యాదు వెళ్ళనే వెళ్ళింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే ఉద్యోగం ఉండదని మేనేజరు తేల్చేశాడు. ఆ సాయంత్రం ఆ పిల్ల నాకు వీపు ఆనించి కూర్చుని ఏడ్చింది. అన్ని తన్నులు తిన్నా చలించని నేను ఆ వణుక్కి కదిలిపోయాను.

మర్నాడు ప్రసూన ఇస్త్రీ చీర కట్టి, బ్యాగు తగిలించుకుని, క్యారేజీ పట్టుకుని హాల్లోకి వచ్చింది.

"అత్తయ్యా, ఆఫీసుకి వెళ్ళొస్తానండి."

"ఏ ఆఫీసే?"

"మా ఆఫీసేనండి."

చెప్పులేసుకుని వీధి మెట్లు దిగింది. పక్క సందులోంచి ఇల్లంతా చుట్టి, గదికి వెనకనున్న పెరటి గుమ్మంలోంచి లోపలికొచ్చి, నాకు గడియ పెట్టి పనిలో కూర్చుంది.

కాసేపటికి మంగతాయారు నన్ను బాదడానికి చెయ్యెత్తింది. నేను కాచుకున్నాను. దెబ్బ పడలేదు. చెప్పులేసుకుని, క్యారేజీ పట్టుకెళ్ళిన మనిషిని ఎలా పిలవడం? ఆవిడ చెయ్యి మెల్లగా దించేసింది.

ఇంతలో కనకమ్మ వచ్చింది. "ప్రసూన లేదా వదినా?"

"ఆఫీసుకెళ్ళింది. సాయంత్రం రా."

లోపల్నుంచి ప్రసూన గొంతు ఖంగుమంటూనే ఉంది. ఇద్దరూ దాన్ని విననట్టే పక్కింటి పెళ్ళి సంగతులు మాట్లాడుకున్నారు. మనుషులు భలేవాళ్ళు. తలుపుకి ఇవ్వని గౌరవం క్యారేజీకిస్తారు.

సాయంత్రం ప్రసూన మళ్ళీ సందు చుట్టి వీధిలోంచి వచ్చింది. "వచ్చావా? కాళ్ళు కడుక్కో, అలిసిపోయుంటావు" అని అత్తగారు కాఫీ ఇచ్చింది. ఇంట్లో ఉండి చాకిరీ చేసినన్నాళ్ళూ పుట్టని కాఫీ అది. ఆ తర్వాత ఎవరూ నన్ను బాదలేదు.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం, కోడలు 'ఇంటికొచ్చాక', మంగతాయారు మంచి చీర కట్టుకుంది. చెప్పులేసుకుని వీధి మెట్లు దిగింది. పెరటి గుమ్మంలోంచి వచ్చి నాకు గడియ పెట్టింది.

"అమ్మా, టీ!" హాల్లోంచి సూరిబాబు కేక.

"మీ అమ్మ డ్యూటీలో ఉందిరా. నువ్వే పెట్టుకో. మీ ఆవిడక్కూడా ఓ గ్లాసియ్యి."

హాల్లో ప్రసూన పకపకా నవ్వింది. లోపల ఆవిడేం చేస్తోందో బయటివాళ్ళకి తెలియలేదు. నాకు తెలుసు. కుర్చీలో వెనక్కి వాలి, బల్ల మీద కాళ్ళు బారజాపుకుని, ఏమీ చేయకుండా కూర్చుంది. ఆ ఇంటికి కాపురానికి వచ్చాక ఆవిడ ఒక తలుపు మూసుకోవడం అదే మొదటిసారి.