ఐదింటికి పాడే డబ్బా

నేను అనుమానం మనిషిని. ఈ మాట నా భార్య స్వరూప అంటే ఒప్పుకోను గానీ నాకు నేను చెప్పుకుంటే తప్పేమీ లేదు. లాల్‌దర్వాజాలో ముప్ఫై ఏళ్లుగా పాల దుకాణం నడిపేవాడికి అనుమానం లేకపోతే ఎట్లా? క్యాన్ మూత తీయగానే పాలలో నీళ్లు ఎక్కడ కలిశాయో చెప్పేస్తాను. పెరుగు గిన్నె ఎవరు వాపసు తేలేదో మొహం చూసి చెప్పేస్తాను. ఆ కన్నుతోనే ప్రేమ్‌రాజ్‌ని కూడా చూశాను.

ప్రేమ్‌రాజ్ మా మేడమీద గదుల్లో ఆరేళ్లు కిరాయికి ఉన్నాడు. భార్య సోనీ, ఏడో తరగతి చదివే కూతురు బేబీ. అతనిది ఇంటర్నెట్ ఆఫీసులో పని. అంటే గల్లీలు తిరిగి, స్తంభాలెక్కి వైర్లు లాగడం. మా ఇంట్లో వైఫై పెట్టింది కూడా అతనే. పైకీ కిందికీ కలిపి ఒకటే కనెక్షన్. పాస్‌వర్డు కాగితం మీద రాసి మా ఫ్రిజ్‌కి అంటించి ఉండేది. సోనీ మా వంటింట్లోకి వచ్చి పెరుగు తోడు తీసుకుపోతుంటే ఎవరూ తల తిప్పి చూసేవారు కాదు. అట్లా ఉండేవాళ్లం.

పోయిన ఉగాదికి నేనొక డబ్బా కొన్నాను. డబ్బా అంటే ఆ షాపువాడు బాధపడతాడు, నెట్‌వర్క్ మ్యూజిక్ ప్లేయర్ అనాలట. దాని ధరలో స్వరూపకు ఈ రోజుకీ సగమే తెలుసు. చిన్నప్పటి నుంచీ నాకు కవ్వాలీలంటే ప్రాణం. ఒకసారి బంజారాహిల్స్‌లో పెళ్లివారింటికి పనీర్ ఇవ్వడానికి పోతే వాళ్ల హాల్లో అట్లాంటిది పాడుతోంది. పాడేవాడు చరణానికి ముందు ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. తూకం సంగతి మరచిపోయి అక్కడే నిలబడిపోయాను. ఆరు నెలలు ఆలోచించి కొన్నాను.

కొన్నాక తెలిసింది, ఆ డబ్బాకు ఒక్క బటన్ కూడా లేదని. ముందంతా నల్లటి అద్దం. ఏం చేయాలన్నా ఫోన్‌లోనే చేయాలి. ఫోన్‌లో చేయాలంటే వాళ్ల యాప్ కావాలి, యాప్‌కు ఒక ఖాతా, పాటల కంపెనీకి ఇంకో ఖాతా, రెంటికీ పాస్‌వర్డులు. యాప్ మొదటి రోజే నేనెక్కడున్నానో తెలుసుకుంటానంది, నా చుట్టూ ఏ ఏ మిషన్లున్నాయో చూస్తానంది. పాట పాడడానికి నా అడ్రసు దేనికి? మా నాన్న టేప్‌రికార్డర్ నువ్వెక్కడున్నావని ఎన్నడూ అడగలేదు. అప్పుడే నాకు ఆ డబ్బా మీద అనుమానం మొదలైంది.

ఇక దాని తెలివితేటలు చెప్పాలంటే పొద్దు చాలదు. పద్నాలుగు మంది కూర్చుని పాడిన ఒక్క కవ్వాలీని మనిషికొకటి చొప్పున పద్నాలుగు ఆల్బములుగా విడదీసి పెట్టింది, చప్పట్లు కొట్టేవాడితో సహా. వారానికోసారి అప్‌డేట్ అంటుంది. ఒక అప్‌డేట్ తర్వాత యాప్ మొత్తం ఏదో తెల్లవాళ్ల భాషలోకి మారిపోయింది. సెట్టింగుల్లోకి పోయి సరిచేద్దామంటే ఆ సెట్టింగులు అనే మాట కూడా ఆ భాషలోనే ఉంది. కంపెనీకి మెయిల్ పెడితే, రౌటర్ ఒకసారి ఆపి మళ్లీ వేయండి అని జవాబు వచ్చింది. ఏ రోగానికైనా వాళ్ల దగ్గర అదొక్కటే మాత్ర.

అట్లాంటప్పుడల్లా మెట్ల దగ్గర నిలబడి, "ప్రేమ్‌రాజ్, జర కిందికి రావా" అని పిలిచేవాణ్ణి. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినా సరే దిగి వచ్చేవాడు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నా ఫోన్ తీసుకుని, నా పాస్‌వర్డులు నన్నే అడిగి కొట్టి, అరగంటలో బాగుచేసేవాడు. చాయ్ తాగుతూ ఒక కవ్వాలీ కళ్లు మూసుకుని వినేవాడు. ఒకరోజు పోతూ పోతూ, "అన్నా, ఎప్పుడన్న ఇది అమ్మాలనిపిస్తే ముందుగాల నాకు చెప్పున్రి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ మాట మాత్రం నా చెవిలో ముల్లులా ఉండిపోయింది.

దసరాకు కొత్త ఫోన్ కొన్నాను. పాతదానిలో ఉన్నదంతా షాపువాడే కొత్తదానిలోకి ఎక్కించి ఇచ్చాడు. పాత ఫోన్ సంతోష్‌నగర్‌లో కూతురి దగ్గర ఉండే మా కొమురమ్మక్కకు ఇచ్చాను. నా తోడబుట్టింది ఆమె ఒక్కతే. ఆ ఫోన్‌లో పాటల బొమ్మ చూపించి, ఈ మూడుమూలల గుర్తు నొక్కితే పాటొస్తది అక్కా అని చెప్పి వచ్చాను.

తర్వాతి వారం మొదలైంది లొల్లి. పొద్దున ఐదుంబావుకు నేను దుకాణంలో క్యాన్లు దించుకుంటున్నాను. స్వరూప ఫోన్ చేసింది. వెనకాల కవ్వాలీ, ఇల్లు కూలిపోయేంత సౌండుతో.

"ఏందయ్యా నీకు పుట్టిన బుద్ధి? అక్కడ్నుంచి పెట్టి నన్ను లేపుతున్నవా?"

"నేనేం పెట్టలే. ఫోన్ జేబుల ఉన్నది."

"మరి ఎవ్వరు పెట్టిన్రు, నీ కవ్వాలీ?"

రాత్రి నేను ఎక్కడ ఆపానో సరిగ్గా అక్కడి నుంచే అందుకుందట. సౌండు ఒక్కసారి పెరగలేదట, ఎవరో మెట్టు మెట్టుగా పెంచినట్టు పెరిగిందట. స్వరూప ప్లగ్గు పీకేసింది. సాయంత్రం నేను మళ్లీ పెడితే డివైస్ దొరకలేదు అంది యాప్. మళ్లీ ప్రేమ్‌రాజ్, మళ్లీ బాసింపట్టు, మళ్లీ చాయ్. మర్నాడు కాదు గానీ ఆ మర్నాడు, అదే ఐదుంబావుకు మళ్లీ మోగింది.

వారంలో మూడు నాలుగు సార్లు. ఎప్పుడూ నేను ఇంట్లో లేని వేళకే. ఎవరో నా రాకపోకలు తెలిసిన మనిషే అయి ఉండాలి అనుకున్నాను. వైఫై ఎవరి చేతిలో ఉంది? పాస్‌వర్డులు ఎవరికి తెలుసు? డబ్బా అమ్మితే ముందు తనకే చెప్పమన్నది ఎవరు? దాంతో విసిగిపోయి నేను సగం ధరకు వదిలించుకుంటే లాభం ఎవరికి? పాలు కొలుస్తూ కొలుస్తూ లెక్క మొత్తం కట్టేశాను.

ఆ రోజుల్లోనే అక్క ఫోన్ చేసింది. "మూగ ఫోన్ ఇచ్చినవేంది తమ్మీ. మాట వినవడ్తది, పాట వినవడది."

"సౌండు పెంచక్కా, పక్కన గుండీ ఉంటది" అన్నాను.

"పెంచుతనే ఉన్న."

"ఇంకా పెంచు. కాకుంటే చెవులు సూపించుకో" అని విసుక్కుని పెట్టేశాను. నా తల నొప్పి నాకుంటే ఈమె ఒకతె అనుకున్నాను.

చివరికి ప్రేమ్‌రాజ్‌ని పిలిచి హాల్లో కూర్చోబెట్టాను. దొంగను పట్టేవాడిలా అతని కళ్లలోకే చూస్తూ అడిగాను. "ఇది పొద్దుగాల దానంతటదే మోగుతున్నది. ఏందిది?"

అతను నా ఫోన్‌లో ఏదో వెతికి చూపించాడు. "అన్నా, జగదీశ్వర్ ఫోన్ నుంచి పెట్టిన్రు అని సూపిస్తున్నది."

"జగదీశ్వర్‌ని నేను. నా ఫోన్ నా జేబుల ఉండె."

కొంచెంసేపు ఆలోచించాడు. "మీ పాత ఫోన్ ఏడున్నదన్నా?"

నాకు ఒళ్లు మండిపోయింది. అడిగినదానికి జవాబు చెప్పకుండా పాత ఫోన్ మీదికి మళ్లిస్తున్నాడు. ఉన్న పాస్‌వర్డులు చాలక అదీ కావాలా వీడికి? "నా పాత ఫోన్ సంగతి నీకెందుకు భై? మావోళ్ల దగ్గరనే ఉన్నది. నువ్వు దీని సంగతి చెప్పు."

"ఊకెనే అడిగినన్నా" అన్నాడు. మొహం చిన్నబుచ్చుకుని మెట్లెక్కిపోయాడు. తప్పు చేసినవాడి నడక అట్లాగే ఉంటుందని అప్పుడు నాకు అనిపించింది.

ఆ సాయంత్రం ఫ్రిజ్ మీది కాగితం చించేశాను. అక్క మనవడు ప్రణీత్‌ని ఫోన్‌లో అడిగి అడిగి వైఫై పాస్‌వర్డు మార్చాను, పాటల ఖాతాదీ మార్చాను, డబ్బాకు కొత్త పాస్‌వర్డు ఎక్కించాను. గంట తర్వాత సోనీ దిగి వచ్చింది. "అన్నా, నెట్ వస్తలేదు. బేబీ హోంవర్క్ అండ్లనే వస్తది."

"లైన్ల ఏదో రిపేరు నడుస్తున్నదంట" అన్నాను. ఇంటర్నెట్ ఆఫీసులో పనిచేసేవాడి భార్యతో ఆ మాట అన్నాను. ఆమె ఒక్కక్షణం నన్ను చూసి, మంచిదన్నా అని పోయింది. స్వరూప గిన్నెలు కడుగుతూ విన్నది. 

మర్నాడు ఐదుంబావుకు డబ్బా మోగింది.

పాస్‌వర్డులు మార్చినా మోగిందంటే ఇక సందేహం ఏముంది? స్తంభం మీద వైరు దగ్గరే వాడు ఏదో పెట్టి ఉంటాడు. నా ఇంట్లో ఉంటూ, నా పెరుగు తింటూ. అంత కోపం నాకు ఎన్నడూ రాలేదు.

మా గల్లీలో కిరాయిదారుని పొమ్మని మొహం మీద ఎవరూ అనరు. చుట్టాలు వస్తున్నారంటారు. అతనూ సరేనంటాడు, ఇద్దరి మర్యాదా నిలుస్తుంది. నేనూ అదే చేశాను. గేటు దగ్గర బండి తుడుస్తున్న ప్రేమ్‌రాజ్ దగ్గరికి పోయి, "మా చెల్లె కొడుకు వస్తున్నడు. పైగదులు కావాల్నంట" అన్నాను.

బట్ట పిండుతున్న చేయి ఆగింది. "ఎప్పటివరకన్నా?"

"ఈ నెలాఖరుకు."

"బేబీ పరీక్షలు మార్చిల ఉన్నయి. ఈడికెల్లి స్కూల్ నడిచే దూరం. అప్పటిదాంక ఆగరాదా?"

"నేనెట్ల ఆపుత? వాడు ముందే వస్తనంటున్నడు."

"సరే అన్నా" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అడగలేదు. అడగకపోవడం కూడా నాకు రుజువులాగే కనబడింది.

హుస్సేనీ ఆలంలో ఇల్లు దొరికింది వాళ్లకు. ఆదివారం ట్రాలీ ఆటోలో సామాను ఎక్కించారు. స్వరూప ఒక డబ్బాలో పెరుగు పోసి సోనీ చేతికిచ్చి, చీర కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి పోయింది. బేబీ నా వైపు చూడకుండా ఆటో ఎక్కింది. ప్రేమ్‌రాజ్ తాళం చెవులు నా చేతిలో పెట్టి, "మోటర్ స్విచ్ రెండుసార్లు నొక్కాలన్నా, ఒక్కసారికి పట్టదు. మీ చెల్లె కొడుక్కు చెప్పున్రి" అన్నాడు. చెప్తాలే అన్నాను.

సోమవారం పొద్దున దుకాణం పనివాడు శివయ్యకు అప్పగించి నేను ఇంట్లోనే ఉండిపోయాను. నాలుగు క్యాన్ల బరువు ఒక్కసారి దించుకున్నంత హాయిగా ఉంది. చాయ్ పట్టుకుని డబ్బా ఎదురుగా కుర్చీ వేసుకున్నాను. ఇవాళ నీ నోరు ఎట్లా లేస్తుందో చూస్తాను అనుకున్నాను. ఐదైంది, ఐదుంపది అయింది.

ఐదుంబావుకు నల్లటి అద్దం వెలిగింది. రాత్రి నేను ఆపిన చరణం దగ్గర నుంచి కవ్వాలీ అందుకుంది. సౌండు గీత ఒక్కొక్క మెట్టూ ఎక్కుతోంది. నా ఫోన్ నా ఒళ్లోనే ఉంది. మేడ మీద ఎవరూ లేరు.

చాయ్ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. అంతలో ఫోన్ మోగింది. అక్క.

"తమ్మీ, పొద్దుగాల లేవంగనే నొక్కి నొక్కి నా ఏలు నొస్తున్నది. గీ పాట ఇయ్యాల గూడ రాలే."

 గ్లాసు కింద పెట్టి అడిగాను. "అక్కా, ఇప్పుడు ఏం నొక్కినవ్?"

"నువ్వు సూపిచ్చిందే. మూడుమూలల గుర్తు."

"ఆ జాగల్నే ఇంకోసారి నొక్కు."

హాలు నిశ్శబ్దమైపోయింది.

"మళ్లొక్కసారి నొక్కు."

కవ్వాలీ మళ్లీ అందుకుంది.

"ఏమన్న వినవడ్తుందారా?" అంది అక్క.

"వినబడ్తున్నది" అన్నాను.

స్వరూప వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. మేడ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. "పాత ఫోన్ ఏడున్నదని అడిగిండు కదా ఆ పిలగాడు" అంది. మెల్లగానే అంది. నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది. ఒక్క ప్రశ్న వేశాడు. దానికి జవాబు చెప్పి ఉంటే ఆ పూటే తేలిపోయేది.

ఏడింటి దాకా ఆగి ప్రేమ్‌రాజ్‌కి ఫోన్ చేశాను.

"దొరికింది ప్రేమ్‌రాజ్. పాత ఫోనే. మా అక్క దగ్గరుండె."

"అట్లనా. ఆ ఖాతా ఉన్న ఫోన్ల ఏడ నొక్కినా పాట మీ డబ్బాలనే మోగుతది. పాటల ఖాతాల అన్ని ఫోన్ల నుంచి లాగౌట్ అని ఉంటదన్నా, అది కొట్టున్రి. ఉత్త పాస్‌వర్డ్ మారిస్తె పోదు." గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

తప్పైంది అనే మాట నోటిదాకా వచ్చింది. బయటికి వచ్చింది మాత్రం వేరే. "మరి నువ్వు వాపస్ రారాదు? మా చెల్లె కొడుకు వస్తలేడంట. వానికి పని వేరే దిక్కు దొరికింది."

 అవతల గిన్నెల చప్పుడు, బేబీ ఏదో అడుగుతున్న గొంతు వినబడ్డాయి.

"ఆరేళ్లున్నం అన్నా మీ ఇంట్ల" అన్నాడు. "మీకు చెల్లె లేదు కదా. ఆనాడే తెలుసు నాకు."

డ్యూటీకి టైమైందని పెట్టేశాడు. నేను ఫోన్ చెవి దగ్గర నుంచి తీయడం మరచిపోయాను.

నెల దాటింది. మేడకు టూలెట్ బోర్డు ఇంకా కట్టలేదు. కడితే చూడడానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది ఒక్కటే, ఇంతకుముందున్నవాళ్లు ఎందుకు పోయారని. దానికి ఏం చెప్పాలో స్వరూపను అడిగాను. "నీ చెల్లె కొడుకును అడుగు" అంది.