మేనల్లుడి కోసం లైన్లో

మల్కాపురంలో పొద్దుటి షిఫ్టుకి జనం బయల్దేరే వేళకి ఎల్లారావు వచ్చి అక్క భ్రమరాంబ గుమ్మంలో కూర్చునేవాడు. అతను పోయి చాలా ఏళ్ళయింది. బట్టల్లోంచి సముద్రపు నీళ్ళు ఇంకా కారుతూనే ఉండేవి. ఆవిడ టీ ఇచ్చేది. దారిన పోయేవాళ్ళు "బావా, బాగున్నావా" అని పలకరించేవాళ్ళు. అతను మాట్లాడేవాడు కాదు.

బతికుండగా అతనికి ఎవరో చెవిలో తిడుతున్నట్టు వినిపించేది. దెయ్యమన్నారు, తాయెత్తులు కట్టారు, వేపమండలతో కొట్టారు. ఏళ్ళు గడిచాక పెద్దాస్పత్రికి తీసుకెళ్దామనుకునేసరికి అతను హార్బర్లో దూకేశాడు.

అతను పోయిన చాలా ఏళ్ళకి, ఒక ఏడు వానలు పడగానే భ్రమరాంబ కొడుకు నాగవంశీ పాలిటెక్నిక్ మానేశాడు. కిటికీలకి కాగితాలు అంటించాడు. కంచం తోసేసి, "అన్నంలో ఏటో కలిపారమ్మా. రేడియోలో నా గురించే మాటాడతన్నారు" అన్నాడు.

భ్రమరాంబకి తమ్ముడి మొదటి రోజులు గుర్తొచ్చాయి. మార్కెట్టు వెనక చిన్నాస్పత్రిలో బుధవారాలు మనసు డాక్టరమ్మ కూర్చోవడం అప్పుడే మొదలైంది. పోర్టులో పనిచేసే భర్త దొరబాబు మాత్రం ఒప్పుకోలేదు.

"అందరూ సూత్తండగా ఆ లైన్లో నిలబెడతావా? రేపు ఆడికి పిల్లనెవులిత్తారు? కొన్నాళ్ళు సూద్దాం."

"మా తమ్ముడికీ అలగే సూశాం," అందావిడ.

బుధవారం ఎల్లారావు గుమ్మానికి రాలేదు. ఆస్పత్రిలో ఆయాగా చేసే ఫ్లోరెన్స్ పరుగున వచ్చింది. "అక్కా, మీ తమ్ముడు మా లైన్లో ముందు నిలబడున్నాడు. ఎవుల్నీ దాటనివ్వట్లేదు."

భ్రమరాంబ కొడుకు గది తలుపు కొట్టింది. "మావయ్య నీ కోసం నిలబడున్నాడురా."

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. "మావయ్యకీ వినపడేవా?"

"వినపడేవి నాన్నా. మేవే నమ్మలేదు."

వాడు తల మీద తువ్వాలు కప్పుకుని వచ్చాడు. ఎల్లారావు పక్కకి జరిగి, తన బట్టల నీళ్ళకి తడిసిన చోట మేనల్లుణ్ణి నిలబెట్టాడు. ఎవరు చెప్పారో, డ్యూటీ బట్టల్లోనే దొరబాబూ వచ్చి కొడుకు వెనక నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అడిగింది డాక్టరమ్మ.

"వానలు మొదలైన కాణ్ణించి."

"తొందరగా తీసుకొచ్చారమ్మా. చాలా మంచి పని చేశారు."

తొందరగా అన్న ఆ ఒక్క మాటకి భ్రమరాంబ ఏడుపు ఆపుకోలేకపోయింది.

ఆ గొంతులు వెంటనే పోలేదు. నాగవంశీ మాత్రలు విసిరికొట్టిన రోజులున్నాయి. మరుసటేడు మళ్ళీ కాలేజీకి వెళ్ళాడు. అదంతా తర్వాత సంగతి. ఆ బుధవారం ఆవిడ బయటికొచ్చి చూస్తే, ఎల్లారావు లైను చివరికెళ్ళి మళ్ళీ నిలబడున్నాడు.

"ఇంకెవులి కోసంరా?"

పోయాక మొదటిసారి అతను నోరు విప్పాడు. "నా కోసమే అక్కా."

భ్రమరాంబ కొడుకుని భర్తతో ఇంటికి పంపేసి, తమ్ముడి పక్కన నిలబడింది.