ప్యాసేజీలో ఉందా?

"మైనస్ ఒకటి," అన్నాడు భరత్‌కుమార్ సార్, హేమావతి జవాబు కాగితాన్ని గాల్లో ఊపుతూ. "లెయ్. ఏం పెట్టినావో అందరికీ వినిపించు."

హేమావతి లేచి నిలబడింది. ఉరవకొండ బస్టాండు వెనక, మేడ మీద రేకుల గది. మే నెల ఎండకు రేకులు టపటపమంటున్నాయి. నలభై మంది ఆమెనే చూస్తున్నారు. సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశపరీక్ష ఇంకో నాలుగు రోజుల్లో ఉంది. ఇంగ్లీషులో ప్యాసేజీలదే పెద్ద బరువు. ప్యాసేజీ చదవాలి, కింద ఇచ్చిన నాలుగింట్లో ఒక జవాబుకు గుర్తు పెట్టాలి. ఒప్పయితే ఐదు మార్కులు. తప్పయితే ఉన్నవాటిలోంచి ఒకటి కోత.

ఆ రోజు ప్యాసేజీ కరువు ప్రాంతాల రైతుల గురించి. వానలు లేకపోయినా వాళ్లు వేరుశనగే ఎందుకు వేస్తారన్నది ప్రశ్న. వేరే పంటల సంగతి తెలియక అన్నది 'ఎ'. కాయ రాకపోయినా పశువులకు మేత దొరుకుతుందని అన్నది 'బి'.

"బి పెట్టినా సార్. కాయ పోయినా శెనిక్కట్టె మిగులుతాది. ఆ కట్టె మేసే మా ఎనుములు ఎండాకాలం దాటతాయి. మా నాయన అందుకే..."

"మీ నాయన ప్యాసేజీలో ఉన్నాడా?"

గది గొల్లుమంది.

"అడుగుతాండేది నిన్నే. ఉన్నాడా?"

"లేడు సార్."

"మరి యాడ నుంచి దిగినాడు? నీకు తెలిసింది ఎవడికి కావాల? తెలిసింది పక్కన పెట్టు. విన్నది పక్కన పెట్టు. ప్యాసేజీలో ఉందా, లేదా? ఏ లైన్లో ఉంది? వేలు పెట్టి చూపీ. మూడు నెలల నుంచి గొంతు చించుకుంటాండా. వారం వారం ఇదే తప్పు. నీకెందుకమ్మా యూనివర్సిటీ? పోయి ఆ కట్టే ఎనుములకు వేసుకో."

ఆ ప్యాసేజీలో నిజంగానే 'తెలియక' అని ఉంది. అదే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కించింది. రాసినవాడెవడో ఒక్క ఎండాకాలం తమ దొడ్లో ఉండి చూస్తే తెలిసేది, ఎవరికి తెలియదో. కానీ నోరు మూసుకుని కూర్చుంది. అప్లికేషన్ పెట్టించింది సారే. అందులో ఫోన్ నంబరు సార్‌ది, పాస్‌వర్డు సార్‌ది. హాల్ టికెట్లు వచ్చి రెండు రోజులైనా, "ముందే ఇస్తే క్లాసులు ఎగ్గొడతారు, ఆఖరి దినం ఇస్తా" అని ఆయన దగ్గరే పెట్టుకున్నాడు.

విడపనకల్లు బస్సులో గంటసేపు ఆ కోపాన్ని నమిలింది. అది అరగలేదు.

ఇంటికి చేరేసరికి మూడైంది. ఇంట్లో ఎవరూ లేరు. నాయన సుంకన్న, అవ్వ తిరుపాలమ్మ బడి దగ్గరికి పోయుంటారు. నాలుగు గంటలకు అక్కడ సోలార్ కంపెనీకి భూములు కౌలుకు రాసిచ్చే సంతకాలు. మిట్టమీది ఆరెకరాల చేను అవ్వ పేరు మీద ఉంది కాబట్టి అవ్వ వేలిముద్ర కావాలి.

కంపెనీ తరఫున తిరుగుతున్నది ఊరివాడే, ఓబిలేష్. నెల రోజులుగా ఇంటింటికీ తిరిగి ఒకటే మాట చెప్పాడు. ఐదేండ్లే. పలకల కింద గొర్రెలు మేపుకోవచ్చు. బోరు మీదే. వద్దనుకుంటే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. ఇంగ్లీషులో ఉన్న అగ్రిమెంటు జిరాక్సు కాపీ కూడా, ఎవరి పేర్లతో వాళ్లకు, ఇంటింటికీ ఇచ్చాడు. చదివేదెవరు! పోయిన వారం సుంకన్న దాన్ని కూతురి ముందు పెట్టి, "ఐదేండ్లేనా పాపా, సూడు" అన్నాడు. ఆమె నాలుగు పేజీలు తిప్పింది. 'ఐదేండ్లు' అన్న మాట కంటబడింది. "అవును నాయనా, ఐదేండ్లే" అని కాగితాలు గూట్లో పెట్టేసింది.

సుంకన్న ఆ మాట ఊరంతా చెప్పుకున్నాడు. మా హేమ చదివింది, ఇంగ అనుమానం లేదని.

ఇప్పుడు హేమావతికి ఒక ప్యాసేజీ కావాలి. సార్ ఇచ్చిన పుస్తకంలోవి అన్నీ అయిపోయాయి. ఆ మనిషి మొహాన కొట్టినట్టు ఒక్కటైనా తప్పు లేకుండా చెయ్యాలి. గూట్లో కాగితాలు కనబడ్డాయి. పన్నెండు పేజీలు. ఇంతకంటే పొడుగు ప్యాసేజీ పరీక్షలో కూడా రాదు.

తనే ప్రశ్నలు రాసుకుంది. మొదటి ప్రశ్న: ఎన్నేండ్లు? తెలిసింది పక్కన పెట్టు. విన్నది పక్కన పెట్టు. వేలు పెట్టి చూపీ.

వేలు నాలుగో పేజీలో 'ఐదేండ్లు' దగ్గర ఆగింది. ఈసారి వాక్యం మొదటి నుంచి చివరిదాకా చదివింది. మొదటి ఐదేండ్లు అద్దె పెంచమని అడగరాదు. అంతే. అది గడువు కాదు. గడువు రెండో పేజీలోనే ఉంది, అంకెల్లో కూడా. 29 ఏండ్ల 11 నెలలు. అది అయిపోయాక కంపెనీ కోరితే మళ్లీ అంత.

రెండో ప్రశ్న గొర్రెల గురించి. ఏడో పేజీ. కంచె లోపలికి భూమి యజమాని గాని, అతని పశువులు గాని పోరాదు. మూడోది బోరు. భూమి మీద, భూమి లోపల ఉన్న సమస్తం కంపెనీ వాడుకోవచ్చు. నాలుగోది రద్దు. కంపెనీ నెల ముందు చెప్పి వదిలేయవచ్చు. యజమాని వదిలించుకోవడానికి ఒక్క లైను కూడా లేదు. పన్నెండు పేజీలూ రెండుసార్లు వెతికింది. లేదు.

పొద్దున చేసిన తప్పుకు ఒక మార్కు పోయింది. పోయిన వారం చేసిన తప్పుకు ఆరెకరాలు పోతాయి. ఓబిలేష్ చెప్పిన మాట చెవిలో పెట్టుకుని, ఆ మాట కోసమే కాగితంలో వెతికింది. దొరికిన చోట ఆగిపోయింది. ఇంగ్లీషు రాని నాయన కాదు మోసపోయింది. వచ్చిన తను.

గోడ గడియారంలో నాలుగుకు పది నిమిషాలు. కాగితాలు పట్టుకుని చెప్పుల్లేకుండానే ఉరికింది.

బడి వసారాలో పాతికమంది రైతులున్నారు. బెంచీ మీద స్టాంపు కాగితాలు, సిరా ప్యాడు. ఇస్త్రీ తెల్లచొక్కాలో ఓబిలేష్. అతని పక్కన కుర్చీలో, కాగితాల మీద వేలు ఒక్కో లైనూ జరుపుతూ...

భరత్‌కుమార్ సార్.

"ఉరవకొండ నుంచి ఇంగ్లీషు సారునే పిలిపించినా," అంటున్నాడు ఓబిలేష్. "నా మాట వద్దప్పా. సారు చదివి చెప్పేది వినండి."

"ఈడ ఏముందంటే," సార్ చల్లగా చెబుతున్నాడు, "ఐదేండ్లు గడువు. గొర్రెల్ని లోపల మేపుకోవచ్చు. బోరు మీదే..."

ఆయన వేలు రెండో పేజీలో 29 అంకె మీదుగా ఆగకుండా జారిపోయింది. హేమావతి కళ్లారా చూసింది. పొద్దున రేకుల గదిలో తనను నిలబెట్టిన మనిషి ఇతనేనా?

"సార్, ఒక మాట."

ఆయన తలెత్తాడు. మొహం ఒక్క క్షణం పాలిపోయి, మళ్లీ మామూలయింది. లేచి ఆమెను స్తంభం చాటుకు తీసుకుపోయాడు.

"నీది ఈ ఊరా?"

"అది ఐదేండ్లు కాదు సార్."

"గమ్మునుండు. నేను సారాంశం చెప్తాండా. ఇది పెద్దోళ్ల పని." గొంతు తగ్గించాడు. "హాల్ టికెట్ కావాల్నా వద్దా నీకు? పాస్‌వర్డు నా దగ్గరుండాది. గుర్తు పెట్టుకో. ఒక్క మాట మాట్లాడినావంటే ఈ సంవత్సరం పరీక్ష లేదు నీకు."

చెప్పేసి ఏమీ జరగనట్టు పోయి కుర్చీలో కూర్చున్నాడు.

అక్కడ ఓబిలేష్ తిరుపాలమ్మ బొటనవేలిని సిరా ప్యాడు మీద అద్దుతున్నాడు. "మొదట పెద్దావిడతో మొదలుపెడదాం. ఇట్ల పెట్టవ్వా, ఈడ."

ఒక సంవత్సరం. ఇంటర్‌లో కష్టపడిన రెండేళ్లు, ఈ మూడు నెలల బస్సులు, అన్నీ అందులో పోతాయి. అటువైపు ముప్పై ఏండ్లు. హేమావతికి లెక్క వేసే ఓపిక కూడా లేకపోయింది.

"అవ్వా! ఏలు పెట్టొద్దు!"

అవ్వ వేలు గాలిలో ఆగింది. పాతికమంది తలలు తిరిగాయి.

"అది ఐదేండ్లు కాదు. ముప్పైకి ఒక్క నెల తక్కువ."

ఓబిలేష్ పకపకా నవ్వాడు. "ఏం పాపా, పోయిన వారం మీ నాయనకు ఐదేండ్లని చెప్పింది నువ్వు కాదా? ఏం సుంకన్న మామా, ఊరంతా టముకేసినావు కదా!"

సుంకన్న తల వంచుకున్నాడు. "ఏం పాపా ఇది? చదివినానంటివే."

"చదవలేదు నాయనా. చదివినట్టు చేసినా. తప్పు చెప్పినా." "ఈ పొద్దు చదివినా. నా మాట కూడా నమ్మాల్సిన పని లేదు. తిప్పేస్వామి పెద్దనాయనా, నీకు అంకెలొస్తాయి కదా. ఇట్ల రా. ఈ అంకె ఎంతో చెప్పు."

మార్కెట్ యార్డులో కాటా చీటీలు చదివి చదివి అరిగిపోయిన కళ్లు తిప్పేస్వామివి. వంగి, కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.

"ఇరవై తొమ్మిది. పక్కన పదకొండు."

వసారాలో గుసగుస లేచింది. సార్ గొంతు సవరించుకున్నాడు. "అది వేరే లెక్కప్పా, అంకె చూసి మీరు..."

"అయితే ఐదు యాడుండాది సార్?" హేమావతి బెంచీ మీద కాగితాలు పరిచింది. "ఏ పేజీ? ఏ లైను? వేలు పెట్టి చూపీండి."

ఆయన పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పాడు.

"మొదటి ప్రశ్న వదిలేద్దాం. రెండోది. కంచె లోపలికి గొర్రెలు పోవచ్చా? ఎ, పోవచ్చు. బి, పోకూడదు. ఏడో పేజీ సార్. ప్యాసేజీలో పోకూడదని ఉందా, లేదా?"

"ఏయ్, మర్యాదగా..."

"ఉందా, లేదా సారూ?" ఈసారి అడిగింది తిప్పేస్వామి. "నాకు నలభై గొర్రెలుండాయి. చెప్పు."

సార్ ఓబిలేష్ వైపు చూశాడు. ఓబిలేష్ ఫోన్ వైపు చూసుకున్నాడు.

"ఉంది," అన్నాడు సార్ చివరికి. "రాయడానికి అట్ల రాస్తారప్పా. కంపెనీ వాళ్లు మంచోళ్లు. నిజంగా అట్లేం చేయరు."

"చేయరని ప్యాసేజీలో ఉందా?"

ఎవరూ నవ్వలేదు. పాతికమంది ఒక్కసారిగా లేచిన చప్పుడు మాత్రం వినబడింది.

"పొద్దున మా నాయన ప్యాసేజీలో ఉన్నాడా అని నిలబెట్టి అడిగినావు సార్," అంది హేమావతి. కళ్లలో నీళ్లు తిరిగాయి గాని అవి ఏడుపువి కావు. "ఇదో ఈడుండాడు. ఒకటో పేజీలో, అవ్వ పేరు కింద. కొడుకు సుంకన్న అని. కంచె బయట నిలబడాల్సినోళ్లు ఈళ్లే. నువ్వు అదంతా చదివినాకే ఐదేండ్లంటివి. తెలియక చెప్పలేదు. తెలిసి చెప్పినావు."

తిరుపాలమ్మ మోకాళ్ల మీద చేతులూని లేచింది. సిరా వేలిని ఒకసారి చూసుకుంది. తిన్నగా ఓబిలేష్ ముందుకు పోయి, ఆ బొటనవేలిని అతని తెల్లచొక్కా జేబు మీద పెట్టి గట్టిగా అద్దింది.

"ఇదో, ఏలిముద్ర. తీసకపోయి మీ కంపెనీకి ఇయ్యి."

ఓబిలేష్ స్టాంపు కాగితాలు చంకన పెట్టుకుని, వెనక్కి చూడకుండా బడి గేటు దాటాడు. సార్ బైకు దగ్గరికి నడిచాడు. హేమావతి పక్కనుంచి పోతూ పళ్ల మధ్య నుంచి అన్నాడు. "హాల్ టికెట్ మర్చిపో."

నెమ్మదిగా అన్నాడనుకున్నాడు. సుంకన్న విన్నాడు. మనిషి మాట్లాడే రకం కాదు. పోయి బైకుకున్న తాళంచెవి పీకి మొలలో దోపుకున్నాడు.

"ఏమప్పా ఇది దౌర్జన్యం!"

"కూర్చో సారూ," అన్నాడు సుంకన్న. "పాపా, ఏం కావాల ఆయప్పతో?"

"అప్లికేషన్ నంబరు నాకు గుర్తుండాది. పాస్‌వర్డు మర్చిపోయినామని కొడతే ఆయన ఫోనుకు ఓటీపీ వస్తాది. ఆరంకెలు."

"కొట్టు."

నాయన ఫోన్‌లో కొట్టింది. సార్ జేబులో ఫోన్ కిర్రుమంది. ఆయన తీయలేదు. ఎండ ఇంకా దిగలేదు. పాతికమంది బైకు చుట్టూ నిలబడ్డారు. ఎవరూ ఆయన మీద చెయ్యి వేయలేదు. తిప్పేస్వామి మాత్రం బైకు సీటు మీద తీరిగ్గా కూర్చుని బీడీ ముట్టించాడు.

"మాకేం తొందర లేదు సారూ. కరువు నాడు పన్లేముంటాయి? నీళ్లు తాగి చదువు. ఉన్నది ఉన్నట్టు."

రెండో ఓటీపీకి సార్ ఫోన్ బయటికి తీశాడు. ఒక్కో అంకే చదివాడు. నాలుగు. సున్నా. ఏడు. ఏడు. ఒకటి. తొమ్మిది. ఒక్కటీ దాటేయలేదు.

ఫోన్ తెరమీద హాల్ టికెట్ తెరుచుకుంది. ఫోటో, పేరు, అనంతపురంలో సెంటరు. పాస్‌వర్డు మార్చి, నంబరు మార్చి, అప్పుడు తలెత్తింది హేమావతి. "తాళం ఇచ్చేయ్ నాయనా."

దుమ్ము లేపుకుంటూ బైకు పోయాక, ముగ్గురూ ఇంటి దారి పట్టారు. నడుస్తూ హేమావతి పొద్దుటి క్లాసు సంగతి చెప్పింది. అంతా విని సుంకన్న అడిగాడు.

"పొద్దున ఏందో శెనిక్కాయ ప్రశ్న అంటివే. పరీక్షలో మళ్లీ అదే వస్తే ఏం పెడ్తావ్?"

"ఎ పెడ్తా," అంది. "రైతులకు తెలియదు అనే పెడ్తా. ఐదు మార్కులు తీసుకుంటా."

"ఆ?"

"సీటొచ్చినాక, ఆ ప్యాసేజీ రాసినోడు యాడుంటాడో కనుక్కుంటా."

అవ్వ సిరా వేలిని కొంగుకు తుడుచుకుంటూ అంది. "నన్ను గూడా పిలువు. ఈ ఏలింకా ఆరలేదు."