ఇరుసుకు వెనక అత్తగారు

మా అత్తగారు తోఖ్తాఖాన్, బండి వెనకంచున పరుపుల మీద దర్జాగా కూర్చోగానే ముందు కట్టిన గాడిద గాల్లోకి లేచింది. కాళ్లు కొట్టుకుంటూ గగ్గోలు పెట్టింది. అంతకంటే పెద్ద గగ్గోలు అత్తగారిది.

ఇంట్లో పెద్దల్ని గుమ్మానికి దూరంగా కూర్చోబెట్టడం మా ఫెర్గానా లోయ మర్యాద. ఆ లెక్కన బండిలో గాడిద తోకకు దూరంగా కూర్చోవాలని ఆవిడ తీర్మానం. ఆవిడ కూతురికి పాప పుట్టింది. మొదటి ఊయల అమ్మమ్మే తీసుకెళ్లాలి. అక్కడేమో వియ్యపురాలు ఖైరినిసో తన పాత ఊయల కడిగి, తుడిచి సిద్ధంగా పెట్టుకుందట. మేం మధ్యాహ్నంలోగా చేరకపోతే పాపను అందులోనే పడుకోబెట్టేస్తుంది. అదే జరిగితే మా అత్తగారు మమ్మల్ని బతకనివ్వదు.

"అత్తయ్యా, కాస్త ముందుకు జరగండి," అన్నాను.

"గాడిద తోక వాసన చూస్తూ వియ్యపురాలి వీధిలో ఊరేగనా? కావాలంటే ఖర్బూజాలు ముందుకు పెట్టుకో. నేను కదిలేది లేదు."

ఖర్బూజాలన్నీ ముందుకు చేర్చాం. గాడిద దిగలేదు. మా ఆయన సోత్వోల్ది, నవ్వు దాచుకోవడానికి వంగి చక్రం చూస్తున్నాడు.

ఇక బళ్లో పిల్లలకు చెప్పే పాఠమే ఎత్తుకున్నాను. "బండి, సామాను, మనం, అన్నీ కలిపి చూస్తే బరువంతా ఒక్క చోటే పోగుపడ్డట్టు లెక్క. ఆ చోటు ఇరుసుకు వెనక పడితే గాడిద లేస్తుంది. మరీ ముందు పడితే దాని నడుం విరుగుతుంది. రవ్వంత ముందుంటే చాలు. బరువెంతో ఒక్కటే కాదు, ఇరుసుకు ఎంత దూరంలో ఉందో కూడా చూడాలి."

"అంటే నేను లావంటావు."

"కాదండీ, దూరమంటున్నాను."

ఆ మాటకు కొంచెం మెత్తబడి ఇరుసు మీదికి జరిగింది. అదీ గాడిదకు వీపు పెట్టి. గాడిద కాళ్లు నేలకానాయి. బయల్దేరాం.

వియ్యపురాలి వీధి ఒకటే ఎత్తు. ఎత్తెక్కే బండి వెనక్కి వాలుతుంది, బరువు పోగుపడే చోటూ ఇరుసు దాటి వెనక్కి పోతుంది. ఆ సంగతే నేను మరిచిపోయాను. గాడిద మళ్లీ లేవబోయింది, మేం తెస్తున్న కొత్త ఊయల వెనక్కి జారింది. నేను నోరు తెరిచేలోపే అత్తగారు ఊయలను చంకలో ఇరికించుకుని, మర్యాదను గాలికొదిలి, పాకుతూ ముందుకొచ్చి గాడిద నడుం వాటేసుకుంది. తలగుడ్డ చెవి మీదికి జారినా వదల్లేదు. ఆవిడను చూసి నాకు మొదటిసారి ముచ్చటేసింది.

ఆ వాలకంతోనే గుమ్మం ముందు దిగాం.

"ఏం వదినా, గాడిద మీద అంత ప్రేమ ముంచుకొచ్చిందా?" అంది ఖైరినిసో, పాత ఊయల మీద చెయ్యేసి. "ఎందుకింత తిప్పలు? ఇది లక్షణంగా ఉందిగా. మా అబ్బాయి ఇందులోనే పెరిగాడు."

అల్లుడు అంత ఎండెక్కినా ఆవులిస్తూ గోడకు చేరగిలబడి ఉన్నాడు. అత్తగారు అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"అందుకే తెచ్చాను వదినా," అంది.

ఖైరినిసో పాత ఊయలను తనే లోపలికి మోసుకుపోయింది.