తెల్లకణం ఒప్పుకున్న తప్పు

పొద్దున ఎనిమిదికి నౌబాద్‌లోని ల్యాబ్ తాళం తీసి, కుర్చీలో కూలబడి, హేబ్సిబా ముందుగా చేసే పని నిట్టూర్చడం. మైక్రోస్కోప్ తుడవడం ఆ తర్వాతే. పంతొమ్మిదేళ్లుగా ఇదే వరస. రక్తం తీయడం ఆమెకు విసుగు కాదు, రక్తం చెప్పేది వినడమే విసుగు.

గాజుపలక మీద చుక్క పడగానే తెల్లకణాలు మాట్లాడతాయి, హేబ్సిబాకు వినిపిస్తాయి. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. పేషంట్లు చొక్కా చెయ్యి దించుకుంటూ "ఏమంటున్నయక్కా?" అని వాన సంగతి అడిగినట్టు అడిగి వెళ్లిపోతారు. ఎర్రకణాలు పాపం నోరెత్తవు. గాలి మోయడం కోసం లోపలి గదులన్నీ ఖాళీ చేసుకున్నవి, వాటికి చెప్పుకోవడానికేముంది! తెల్లకణాలు సంసారులు. ఒక్కోదాని ఇంట్లో ప్రోటీన్లు తయారయ్యే గది ఒకటి, వాటికి చిరునామా చీటీ అంటించే గది ఒకటి, పాతవాటిని కరిగించేది ఇంకొకటి. చీటీ ఉన్న ప్రోటీనే తన చోటికి చేరుతుంది, లేనిది నడవలో పడి ఉంటుంది. ఇక రోజంతా ఆ గొడవే. "గా పొట్లం ఈడికెందుకొచ్చింది? పక్కింటికి కబురంపితే ఎవ్వరు పలుకరేంది?" సరిహద్దు ఊళ్లు కదా, భాల్కి వాళ్ల కణాలు కన్నడం కలిపి, ఔరాద్ వాళ్లవి మరాఠీ కలిపి గొణుగుతాయి.

మైక్రోస్కోప్‌లో కణాలు కనబడేందుకు వేసే రంగు చుక్క పడితే మాత్రం టక్కున నోరు మూస్తాయి. అందుకే హేబ్సిబా రంగుసీసా చేతికందేలా పెట్టుకుంటుంది. వినీ వినీ ఆమె చెవులు తూట్లు పడ్డాయి. పైగా విన్నది రాయడానికి రిపోర్టులో గడి లేదాయె.

మంగళవారం పదకొండింటికి, ఔరాద్ దగ్గరి పల్లె నుంచి సంగమ్మ తన కూతురు శివానిని నడిపించుకొచ్చింది. పద్నాలుగేళ్ల పిల్ల, చెరుకు పిప్పిలా ఉంది. గోడకు ఒరిగి సీసాలో నీళ్లు గటగటా తాగుతోంది. కింది అంతస్తు డాక్టర్ దగ్గర కాంపౌండర్ బాబురావు రాసిచ్చిన చీటీలో "చక్కర్, నీరసం" అని ఉంది. చక్కర్ అంటే కళ్లు తిరగడం, ఆ వైపు అందరూ వాడే మాటే. అది చూసి డాక్టర్ కళ్లు తిరగకుండా ఓ మాత్ర, రక్తహీనతకు ఓ పరీక్ష రాసి పంపాడు.

"ఎంత తింటే అంత బక్కగైతాందమ్మా," అంది సంగమ్మ.

హేబ్సిబా తల ఊపి, రక్తం తీసి, పలక మీద చుక్క వేసి, అలవాటుగా రంగుసీసా ఎత్తింది.

"జర ఆగక్కా," అంది ఒక తెల్లకణం. "నా నోరు మూసేముందు ఒక్క మాట ఇను. మేం తప్పు చేసినం."

పంతొమ్మిదేళ్లలో కణాలు ఎదుటివాళ్ల మీద చాడీలు చెప్పడమే విన్నది గానీ, తప్పు ఒప్పుకున్నది ఒక్కటి లేదు. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"రక్తంల చక్కెర నిండ ఉన్నది. కండల ఇండ్ల ముంగట కుప్పలు పడ్డది. కాని బువ్వకు రాండ్రని పిలిస్తెనే వాళ్లు తలుపు తీస్తరు, అది వాళ్ల రివాజు. పిలుపులు తయారు చేసే కణాలు కడుపుల ఒక్కకాడనే ఉంటయ్. వాటి వాకిట్ల చీటీ మేం తప్పు సదివినం. దొంగలనుకున్నం. ఒక్కొక్కదాన్నే సంపుకుంట వచ్చినం." కణం గొంతు తగ్గింది. "ఇప్పుడు పిలిచేటోళ్లు లేరు. పిల్ల ఒళ్లును పిల్లనే తింటాంది. రేపటిదాక ఉంటదో లేదో."

హేబ్సిబా రంగుసీసా కింద పెట్టింది. ఆ పిలుపే ఇన్సులిన్, అది లేదు పిల్లకు! అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఒళ్లంతా చక్కెర పెట్టుకుని ఆకలితో చచ్చిపోతోంది. ఇన్నేళ్లూ రంగు పోసి ఎన్ని మాటలు ముంచేసిందో తనకే తెలియదు. ఆమెకు సిగ్గేసింది.

"సంగమ్మా, కింద బాబురావుకు ఏం చెప్పినవ్?"

"చక్కెరున్నట్టున్నది అని చెప్పిన. పోరి మూత్రానికి చీమలు పడుతున్నయమ్మా. మొగాయన ముంగట చీమల ముచ్చట ఎట్ల చెప్పాలె? చక్కెర అంటే సమజైతదనుకున్న."

బాబురావు విన్నది చక్కర్.

వేలి నుంచి చుక్క తీసి షుగర్ మిషన్‌లో పెడితే అంకె రాలేదు. అంకెలు దాటిపోయిందన్నట్టు "హై" అని మాత్రం చూపించింది. హేబ్సిబా మెట్లన్నీ ఉరికి దిగింది. డాక్టర్ మిషన్ చూసి లేచి నిలబడ్డాడు.

"ఎట్ల దొరకబట్టినవమ్మా?"

"తెల్లకణం చెప్పింది సార్."

"సరే," అని ఆయన పెద్దాసుపత్రికి ఫోన్ కలిపాడు.

సంగమ్మ అన్నది చక్కెరని హేబ్సిబా బాబురావుతో చెప్పింది. "నాకు చక్కర్ అన్నట్టే ఇనిపించిందక్కా," అంటూ అతను ఆటో కోసం పరుగెత్తాడు. ఒంట్లో కణాలే తప్పు చదువుతుంటే అతన్నేమనాలి అనుకుంది హేబ్సిబా.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె ఆసుపత్రికి వెళ్లింది. శివాని మంచం మీద లేచి కూర్చుంది. కళ్లలోకి వెలుగొచ్చింది. సంగమ్మ చేతిలో చిన్న ఇన్సులిన్ సూది ఉంది, నర్సు నేర్పించిందట.

"ఇది ఎన్ని దినాలు పొడువాలమ్మా?"

ఈ ప్రశ్న వస్తుందని తెలిసే హేబ్సిబా మూడు రోజులు రాకుండా ఆగింది. అలసట అంతా ఒక్కసారి మీద పడ్డట్టయింది.

"బతికినన్ని దినాలు, సంగమ్మా. లోపట పిలిచేటోళ్లు ఇంక రారు. తినే ముంగట నువ్వే పిలవాలె."

సంగమ్మ సూదిని వెలుతురుకు ఎత్తి చూసింది. హేబ్సిబా ఆమె ఏడుస్తుందనుకుంది.

"గంతేనా? దీన్ని కన్నప్పటిసంది బువ్వకు పిలుసుడే గద నా పని."

కూతురి పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టుకుని, సూది గుచ్చి, లోపలికి వినపడేంత మెల్లగా అంది.

"రా బిడ్డా, తిందువు రా."