మామయ్య మంచం

మంచం కిందికి చీపురు పోనిచ్చినప్పుడల్లా ఆ గోనె ముక్క చెత్తతో పాటు బయటికి వచ్చేస్తుంది. ఇవాళా వచ్చింది. ఆమె దాన్ని దులిపి, మడతలు పెట్టి, ఒక చేత్తో మంచం కోడు కాస్త ఎత్తి మళ్ళీ దాని కింద దోపింది. గోడవైపు కోడు ఒకటి మిగతావాటికన్నా పొట్టి. మామయ్య దాన్ని బాగుచేయించనివ్వడు. పిండిమిల్లులో పనిచేసినన్నాళ్ళూ మిషను అదిరితే దాని కాలికింద గోనె ముక్క పెట్టడం ఆయనకు అలవాటు. ఇంట్లో బల్ల కదిలినా, గ్యాసు పొయ్యి కదిలినా ఆయన వైద్యం అదే.

నడుం ఎత్తగానే పొత్తికడుపులో సన్నగా లాగింది. చీపురు పట్టుకుని అలాగే నిలబడింది. పొద్దున బట్టకంటిన మరక గుర్తొచ్చింది. గోరంత ఉంటుంది, ఇటుక రంగులో.

మామయ్య గుమ్మంలో కూర్చుని, చిన్న అద్దాన్ని తలుపుకి ఆనించుకుని గడ్డం గీసుకుంటున్నాడు.

"మామయ్యా, టీ చల్లారిపోతోంది!" అని అరిచింది.

"ఆ? ఏంటమ్మా?"

"టీ!"

"టీయా! దానికి అంత అరుపెందుకు, ఇక్కడే ఉన్నాగా."

మిల్లు హోరులో ఆయన చెవులు పోయాయని పెళ్ళయిన కొత్తల్లోనే చెప్పారు. అప్పట్నుంచీ ఆమె ఆయనతో అరిచే మాట్లాడుతోంది. వదిన, అంటే మామయ్య కూతురు, చెవి మిషను కొనిచ్చింది. చెవిలో ఈగ దూరినట్టుందని ఒక్కపూటకే తీసి డబ్బాలో పెట్టేశాడు. నాన్నని మా ఇంటికి పంపించు అని వదిన ఫోను చేస్తూనే ఉంటుంది. ఫోను చేతికిస్తే, "వినపడట్లేదమ్మా, ఉంటా" అని పెట్టేస్తాడు. కూతురి ఇల్లు మూడో అంతస్తులో. మోకాళ్ళు పట్టేసే మెట్లు, పొద్దస్తమానం మోగే టీవీ, పలకరించని అల్లుడు. "ఆ ఇంట్లో నా చెవులు మరీ బాగా పనిచేస్తాయే" అని ఒకసారి నవ్వాడు.

వీళ్ళది ఒక గది, ఒక వంటిల్లు, వంటిల్లు పక్కన సరిగ్గా మూసుకోని తలుపుతో బాత్రూము. గదిలో గుమ్మం పక్కన మామయ్య మంచం. అవతల తాడు మీద వేలాడే తెర. తెర వెనక, పగలు చుట్టి గోడకి నిలబెట్టి రాత్రి పరుచుకునే పరుపు. ఇవతల పడుకున్న మనిషికి ఏదీ వినపడదన్న ధైర్యం మీదే ఆమె సంసారం నడుస్తోంది.

ఆ ధైర్యంతోనే నిన్న వంటింట్లో నిలబడి ఆస్పత్రికి ఫోను చేసింది. గొంతు తగ్గించుకోకుండానే చెప్పింది. మళ్ళీ నెల తప్పిందని, ఇదివరకు మూడుసార్లు మూడో నెల నిండకుండానే పోయాయని, గర్భం నిలబడటానికి హార్మోన్ మందు ఉంటుందట, దానికోసం డాక్టరుగారిని కలవాలని. ఇవాళ మధ్యాహ్నం రమ్మన్నారు. అప్పటికి మరక లేదు.

ఈ సంగతి భర్తకు చెప్పలేదు. అతను నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. తెల్లారకముందే వెళ్ళి చీకటి పడ్డాక వస్తాడు. మూడోసారి పోయినప్పుడు బాత్రూము నేల అతనే కడిగాడు. కడిగొచ్చి, చేతులు తుడుచుకుంటూ, "ఇంక వద్దు. పిల్లలు లేకపోతే మనం మనుషులం కాకుండా పోతామా? ఇది ఇంకోసారి కడగడం నా వల్ల కాదు" అన్నాడు. కోపంగా అనలేదు. రోజంతా బండి తోలి వచ్చిన గొంతుతో అన్నాడు. ఆ గొంతు మళ్ళీ వినాలంటే ఆమెకు భయం.

*

ఆమె దర్జీ కొట్లో కాజాలు కుడుతుంది. మాస్టరు కత్తిరిస్తాడు, మిషను మీద ఇంకొకరు కుడతారు, కాజాలూ గుండీలూ మాత్రం ఆమె చేతికొస్తాయి. సుద్దతో గీత పెట్టుకుని, చిన్న కత్తెరతో గీత మీద చీల్చి, చీలిక అంచు చుట్టూ ముడి పక్కన ముడి వేసుకుంటూ పోవాలి. ఆ పనిలో ఆమె చూపుడువేలు చివర తోలులా గట్టిపడిపోయింది. చెంప మీద పెట్టుకుంటే ఇంకెవరి వేలో తగిలినట్టుంటుంది.

ఈ వారమంతా బడిపిల్లల చొక్కాలు. మగపిల్లల కట్ట పూర్తయి ఆడపిల్లల కట్ట వచ్చిందని ఆమెకు తెలుసు. తెలిసే పట్టీ మీద సుద్ద గీతలు పెట్టింది. మనసు మాత్రం ఆ మరక మీద ఉంది. లేచి వెళ్ళి మళ్ళీ చూసుకోవాలనిపిస్తోంది. చూడాలంటే భయంగా ఉంది. అలా అనుకుంటూనే కత్తెర ఆడించింది. రెండు కాజాలు చీల్చాక చూసుకుంటే ఎడమ పట్టీ, మగపిల్లల చొక్కాకి కాజాలు పడే వైపు.

మాస్టరు కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూశాడు.

"ఏంటమ్మాయ్, ఆడపిల్ల చొక్కాని మగపిల్లాడిది చేసేశావ్! డాక్టర్ల వల్ల కూడా కాదే ఈ పని!"

మిషను మీదాయన పెద్దగా నవ్వాడు. ఆమె నవ్వబోయింది గానీ రాలేదు. చొక్కా ఒళ్ళో పెట్టుకుని ఆ రెండు చీలికల వంకే చూస్తూ ఉండిపోయింది. మాస్టరు సుద్దముక్క పక్కన పెట్టాడు.

"ఏడుస్తావేంటి ఇప్పుడు? కోసింది ఎలాగూ అతుక్కోదు. అడుగున గుడ్డ వేసి కుట్టేసి, దాని మీదే గుండీ పెట్టెయ్. గుండీ ఎత్తి ఎవడు చూస్తాడు?"

"ఏడవట్లేదు మాస్టరూ. పన్ను నొప్పి. మధ్యాహ్నం నుంచి సెలవు కావాలి."

"పన్నుకైతే చెంప పట్టుకోవాలమ్మా, నువ్వు పొట్ట పట్టుకున్నావ్" అని, అంతలోనే చూపు తిప్పుకున్నాడు. "వెళ్ళు వెళ్ళు. ఆ రెండూ మూసేసి వెళ్ళు."

ఆమె గుడ్డ వేసి కుట్టింది. గుండీ కుట్టాక నిజంగానే కనపడలేదు. వేలితో తడిమితే మాత్రం గట్టిగా తగులుతోంది.

*

ఆస్పత్రి వరండాలో, గోడవారనున్న బెంచీ మీద, ఇస్త్రీ చొక్కా వేసుకుని మామయ్య కూర్చుని ఉన్నాడు. ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

"మీరేంటి మామయ్యా ఇక్కడ!"

వరండాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

"చెవి చూపించుకుందామని" అన్నాడు. "ఆ చివరి గదే చెవి డాక్టరుది."

"ఇన్నాళ్ళూ మేము రమ్మంటే రాలేదుగా!"

"ఆ?" అన్నాడు.

ఆయన పక్కన కాస్త ఎడంగా కూర్చుంది. పేరు పిలిచినప్పుడు ఆయన వంక చూడకుండా లేచి లోపలికి వెళ్ళింది.

డాక్టరు నడివయసు ఆవిడ. పొద్దుట్నుంచీ కడుగుతూ ఉండటం వల్ల చేతులు తెల్లగా నానిపోయి ఉన్నాయి. అడిగినవన్నీ ఆమె చెప్పింది. మొదటిది బస్సులో మొదలైంది. రెండోది కొట్లో. మూడోది ఇంట్లో.

"ఎవరూ హార్మోన్ మొదలుపెట్టలేదా?"

"వయసుంది కదా, మళ్ళీ ప్రయత్నించండి అన్నారండీ. నేనే అడిగాను, మందుంటుందట కదా అని. నవ్వారు."

"ఇందులో నవ్వడానికేముంది?" అంటూ డాక్టరు ఆమెను పడుకోబెట్టి, స్కానింగు చేస్తూ తెరను ఆమె వైపు తిప్పింది. బూడిదరంగు మసకలో నలుసంత ఏదో మిణుకుమిణుకుమంటోంది. "గుండె. కొట్టుకుంటోంది, చూడు."

ఆమె చూసింది. ఇదివరకు మూడుసార్లూ చూసే సమయానికి అది లేదు.

"చూడమ్మా, ఈ మందు అందరికీ పనిచేయదు. నీలాగా ముందు పోయి, ఇప్పుడు మరక కనిపించినవాళ్ళలో కొందరికి నిలబెడుతుంది. ఆ కొందరిలో నువ్వుంటావని నేను మాటివ్వలేను. ఇవాళ సాయంత్రమే మొదలుపెట్టు."

"పనికి వెళ్ళొచ్చా అండీ?"

"వెళ్ళు. పని చేసినందుకు పోదు. ఇదివరకు పోయినవి కూడా నువ్వు చేసినదాని వల్ల పోలేదు."

ఆమెకు వెంటనే లేవబుద్ధి కాలేదు. ఆ మాట ఇంకోసారి అడిగి చెప్పించుకోవాలనిపించింది. అప్పటికే తలుపు దగ్గర ఇంకొకామె నిలబడి ఉంది.

మందు ఇచ్చేది వరండాలోనే. నర్సుది పదిమందిని ఒకేసారి అదిలించే గొంతు.

"ఇది మింగే మాత్ర కాదు, తెలుసా? కిందినుంచి పెట్టుకోవాలి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పెట్టుకున్నాక అరగంట కదలకుండా పడుకోవాలి. లేచావంటే మందంతా కారిపోతుంది. కాళ్ళవైపు కాస్త ఎత్తుంటే ఇంకా మంచిది. ఇంట్లో మంచం ఉందా?"

ఆమె తల వంచుకుంది.

"నిన్నేనమ్మా. మంచం ఉందా లేదా?"

"ఉందండీ. మా మామయ్యగారిది."

"అరగంట పడుకునే వీలుంటుందా మరి?"

ఆమె బెంచీ వైపు చూసింది. మామయ్య ఎదురు గోడ మీద, చేతులు ఎలా కడుక్కోవాలో చూపించే బొమ్మల్ని శ్రద్ధగా చూస్తున్నాడు. ఎలాగూ వినపడదు.

"ఒక్కటే గది అండీ" అంది. "ఆయన పగలంతా ఇంట్లోనే ఉంటారు. ఆయన ముందు పరుపు పరుచుకుని ఎలా పడుకోను? ఏమైందని అడిగితే ఏం చెప్పను?"

"అది నేనెలా చెప్తాను తల్లీ? ఏదో వీలు చూసుకో. మానేస్తే మాత్రం లాభం లేదు."

మామయ్య బొమ్మల్లో ఆఖరిదాని దగ్గర ఉన్నాడు. చేతులు తుడుచుకునే బొమ్మ.

ఇద్దరూ బస్సు దిగి సందులోకి మళ్ళారు. ఆయన ముందు, ఆమె వెనక. ఆమెకు అరిచే ఓపిక లేదు. అలవాటుగా అడగాలి కాబట్టి, గొణిగినట్టే అడిగింది.

"చెవి డాక్టరు చూశారా మామయ్యా?"

"వేళ అయిపోయిందన్నారమ్మా. ఇంకోసారి వస్తాలే."

ఇంకాస్త దూరం నడిచాక గానీ, తాను అరవలేదన్న సంగతి ఆమెకు తట్టలేదు.

ఒళ్ళంతా వేడెక్కింది. నిన్నటి ఫోను, ఇందాక నర్సుతో అన్న మాట, తెర వెనక ఇన్నాళ్ళ మాటలు, ఇంక వద్దన్న భర్త గొంతు, అన్నీ ఒక్కసారి మీదపడ్డాయి. ఆ తర్వాత కుళాయి గుర్తొచ్చింది. మొదలైంది ఎక్కడైనా, మూడుసార్లూ ఆమె ఇంటికొచ్చి బాత్రూములో ఉన్నప్పుడు వంటింటి కుళాయి పూర్తిగా తిప్పి ఉంది. బకెట్టు నిండి, పొర్లి, నేలంతా నీళ్ళు. బయటికొచ్చి ఆమె అరిచేది, "నీళ్ళు పోతున్నాయి మామయ్యా, వినపడట్లేదా!" అని. "ఆ? ఏంటమ్మా?" అని ఆయన తీరిగ్గా వచ్చి కట్టేసేవాడు. ఆ నీళ్ళ చప్పుడు లేకపోతే తన ఏడుపు సందు మొదటిదాకా వినపడి ఉండేది.

ఆమె ఆయన వీపు వంక చూస్తూ నడిచింది. ఇస్త్రీ చొక్కా వెనక నలిగిపోయింది.

*

ఇంట్లో ఆయనకు ఎదురుపడటానికి మొహం చెల్లలేదు. బట్టలు తెస్తానని డాబా మీదికి వెళ్ళింది. తీగ మీద బట్టలన్నీ తీసి, మడతలు పెట్టినవాటినే విప్పి మళ్ళీ పెట్టింది. కింద ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. కాసేపటికి ఇంకోసారి. వెనక దొడ్లో ఇటుక మీద ఇటుక పెట్టినట్టు కూడా వినపడింది. ఆమె దిగలేదు. మందు పొట్లం కొంగున ముడేసి ఉంది. పొద్దు వాలుతోంది. మొదలుపెట్టాల్సిన వేళ అయింది. ఆయన టీ తాగడానికి బయటికెళ్తే బావుండు, కనీసం ఇవాళ్టికి, అనుకుంది.

తలుపు గొళ్ళెం చప్పుడైంది. పిట్టగోడ మీంచి వంగి చూసింది.

మామయ్య. ఒక చేతిలో గుడ్డ సంచి, చంకలో గడ్డం గీసుకునే అద్దం. టీ కొట్టు వైపు కాకుండా, వదినవాళ్ళ ఊరివైపు వెళ్ళే బస్సు ఆగే మలుపు వైపు నడుస్తున్నాడు. మోకాళ్ళు కూడదీసుకుంటూ మెల్లగా.

"మామయ్యా!"

ఆయన ఆగలేదు.

"మామయ్యా!" ఈసారి రోజూ అరిచినంత గట్టిగా అరిచింది. కింద నడిచిపోతున్నవాళ్ళు తలెత్తి చూశారు. ఆయన మాత్రం వినపడని మనిషిలాగే, అద్దం జారకుండా చంక బిగించుకుని, మలుపు తిరిగిపోయాడు.

బట్టలు గుండెకి అదుముకుని ఆమె దిగి వచ్చింది. గుమ్మం పక్కన మంచం ఉండే చోట ఖాళీ. నాలుగు కోళ్ళ గుర్తులు మాత్రం ఉన్నాయి. గూట్లో చెవి మిషను డబ్బా అక్కడే ఉంది. చీకటి పడ్డాక భర్త వస్తాడు, నాన్న ఏడీ అని అడుగుతాడు. చెప్పాలి. ముందు మంచం సంగతి చెప్పాలి, తర్వాత మిగతాది. దీన్ని దాటేసి ఇంకో మాట చెప్పే దారి లేదు.

తెర తీసింది. పరుపు మంచం మీద పరిచి ఉంది. ఉతికిన దుప్పటి, అంచులు లోపలికి మడిచి ఉన్నాయి.

చేతులు కడుక్కుంది. మందు పెట్టుకుని, మెల్లగా వెనక్కి వాలి పడుకుంది. ఇంట్లో కుళాయి చప్పుడు కూడా లేదు. కాళ్ళు తలకన్నా ఎత్తులో ఉన్నాయి. కొంచెంగా పక్కకి కదిలి చూసింది. మంచం కిర్రుమనలేదు, ఊగలేదు.

కాళ్ళవైపు రెండు కోళ్ళ కిందా ఇటుకలు, ఇటుకకీ కోడుకీ మధ్య జారకుండా దోపిన గోనె ముక్కలు. పొట్టి కోడు కిందిది రెండోదానికన్నా ఒక మడత ఎక్కువ.